పది వరసల లెక్క

ఎంక్వయిరీ రిపోర్టులో మళ్ళీ అదే రాస్తున్నారా సార్? "స్టోర్ కీపర్ నిర్లక్ష్యం" అని? మా బాబాయ్ ఈ గొట్టాల యార్డులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడండీ. ఆయన చేతికింద ఒక్కరికి గోరు కూడా ఊడలేదు. ఇప్పుడు ఆయన కాలే పోయింది.

ఏడుపా? రావట్లేదు. బుధవారం నుంచీ లోపలంతా మొద్దుబారిపోయింది. అడగండి, చెప్తాను.

గొట్టాల్ని గుట్టగా పేరుస్తారు కదా. అడుగున పది, దాని మీద తొమ్మిది, ఆ పైన ఎనిమిది... కొసకి ఒక్కటి. మొత్తం యాభై అయిదు. ఆ స్టాండేమో యాభైకి మించి మొయ్యదు. అందుకే బాబాయ్ ఎప్పుడూ అడుగున తొమ్మిదే వేయించి, తొమ్మిది వరసలతో నలభై అయిదుకే ఆపేవాడు. అంతా వేళ్ళ మీద లెక్క.

దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. ఇక్కడ ప్రోగ్రామర్ని కదా! వీటిని త్రిభుజ సంఖ్యలంటారు. ఇలాంటి లెక్కలకి ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, లైబ్రరీ అంటాం, ఒకటుంది. "మొదటి పదీ ఇవ్వు" అంటే చాలు, టకటకా ఇచ్చేస్తుంది. పదోది నలభై అయిదు అంది. పట్టిక అచ్చుతీసి గోడకి అంటించేశాను. పది వరసలు, నలభై అయిదు గొట్టాలు.

అబ్బే, లైబ్రరీ తప్పేం లేదండీ. అది సున్నాతో మొదలుపెడుతుంది. సున్నా, ఒకటి, మూడు, ఆరు... అలా వెళ్తే పదోది నలభై అయిదే. ఆ సంగతి వాళ్ళు మొదటి వాక్యంలోనే రాశారు. నేను చదవలేదు.

బాబాయ్ మాత్రం నా పట్టిక చదివాడు. "అమ్మాయ్, పదికి యాభై అయిదు రావాలి కదే?" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "కంప్యూటర్‌కే లెక్కలు నేర్పుతావా బాబాయ్?" అని నవ్వాను. పాపం, ఆయనా నవ్వాడు. ఆ మధ్యాహ్నమే పది వరసలు పేర్పించాడు. స్టాండు ఆయన పక్కకే ఒరిగింది.

ఏంటి సార్? గోడ మీద పట్టికలో యాభై అయిదనే ఉందా? ఉంటుంది మరి. అది చూసేగా మీరు తప్పంతా ఆయనదే అంటున్నారు. ఆయన కూడా "నేనే చూసుకోలేదు" అని సంతకం పెట్టాడట. పెడతాడు సార్. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి.

నిన్న ఆస్పత్రికి వెళ్ళాను. దుప్పటి ఒకవైపు మోకాలి దగ్గర్నుంచీ చదునుగా ఉంది. "ఆ లెక్క సరిచేశావా అమ్మాయ్? ఇంకెవరి మీదన్నా పడుతుంది" అన్నాడు. చేశాను బాబాయ్ అన్నాను.

ఎప్పుడు చేశావని ఆయన అడగలేదు. మీరూ అడగలేదు.

బుధవారమే సార్. అంబులెన్స్ గేటు దాటిందో లేదో, కొత్త పట్టిక అచ్చుతీసి అంటించాను. పాతది చించి పారేశాను. ఆ ముక్క కూడా రాసుకోండి.