కంచమూ కత్తీ

పొద్దున్నుంచీ మబ్బు పట్టే ఉంది గానీ చినుకు రాలలేదు. సెలూన్ నడిపే అన్న కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, కంచంతో గడప దగ్గర కూలబడ్డాడు.

“అక్కడెందుకన్నయ్యా?” అంది చెల్లెలు.

“హెపటైటిస్ సి అమ్మా! నా ఎంగిలి మీకు తగిలితే?”

“ఎంగిలితో కాదు, రక్తంతో అంటుతుందని మధ్యాహ్నం డాక్టరు నెత్తీనోరూ కొట్టుకున్నాడుగా.”

“కాలేయం గట్టిపడిందట. ఇన్నేళ్లూ నొప్పయినా లేదే!”

“చప్పుడు చెయ్యకుండా పాడవుతుందట. మూడు నెలలు మాత్రలు మింగితే జబ్బు పోతుందనీ అన్నాడు. అది సరే, పొద్దున నాన్న గడ్డం దేంతో గీశావు?”

“సెలూన్‌లో మనిషికో బ్లేడు మారుస్తాను. ఇంట్లోనేగా అని... నేను గీసుకున్న దాంతోనే.”

“రేపు నాన్నకీ పరీక్ష చేయిద్దాం, నెల పోయాక మళ్లీ ఓసారి. లేచి రా.”

అతను కంచం తెచ్చి తండ్రి పక్కన పెట్టుకున్నాడు. ముగ్గురూ తినడం మొదలుపెట్టారు. తండ్రి గడ్డం మీది చిన్న గాటును మాత్రం అతని చూపు వదల్లేదు.