విమానం పెట్రోలు పోసిన కారు

“నేనేం గొప్పలు చెప్పుకోనండీ,” అంటూ మొదలెట్టాడు మెకానిక్ కాశీరావు, ఆటోనగర్లో రావమ్మ టీకొట్టు బల్లమీద కాలు మడిచి. “ఇంజన్ చప్పుడు వింటే రోగం చెప్పేస్తాను, అంతే. పెట్రోలు ధర మండిపోయిందే, ఆ డెబ్బై నాలుగులో ఉయ్యూరు మిల్లు యజమాని వెంకటకృష్ణారావు గారు రేసు కారు కొన్నారు. మద్రాసు ఆసామితో గన్నవరం నుంచి గుణదలకి పందెం. ఓడితే మీసం తీసెయ్యాలి! తీరా తెల్లారితే పందెమనగా కారు టాపు గేరులో టకటకమంటోంది. ముగ్గురు మెకానిక్కులు బోల్టులు బిగించి బిగించి చేతులెత్తేశారు. నేనో? స్క్రూడ్రైవర్ ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నా. ‘అయ్యా, ఇంజన్ పైమూత, అదే హెడ్, అరగదీయించి కంప్రెషన్ పెంచారు, పోసేదేమో మామూలు పెట్రోలు. ఆ ఒత్తిడికి అది ఆగలేక తనంతట తనే అంటుకుని పిస్టన్ని సుత్తితో కొట్టినట్టు కొడుతోంది. అదీ రెండో సిలిండర్లో’ అన్నా. విప్పి చూస్తే రెండో పిస్టనే మాడింది!”

“అంత కచ్చితంగానా?” అన్నాడు లారీ డ్రైవర్ నాగులు.

“అదేం చూశావు! ఆ రోజుల్లో మైలవరంలో ఏ కారు టకటకమన్నా ఇక్కడ నాకు నిద్ర పట్టేది కాదు. సరే, పిస్టన్ మార్చి, ఎంత ఒత్తిడికైనా ఆగే, విమానాలకి పోసే పెట్రోలు తెప్పించి పోశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఎగిరిందా?”

“ఎగరబోయింది! వెనక సీట్లో రెండు బియ్యం బస్తాలేసి అణిచా. పైన విమానం పోతుంటే దాన్నీ దాటేశాం. పైలెట్ తల బయటపెట్టి, ‘ఏం పోశావు గురూ?’ అని కేకేశాడు. గుణదలలో దిగి, సోడా తాగి, మూతి తుడుచుకుంటుంటే అప్పుడొచ్చిందండీ, వెనకపడిపోయిన మా ఇంజన్ చప్పుడు! నిలబడి ఆసాంతం విన్నా. ఒక్క టక్కు లేదు!”

“మరి మద్రాసు ఆసామి?”

“గన్నవరంలో కారు స్టార్టవక ఇంకా చోక్ లాగుతున్నాడు!”

బల్ల చివర వింటున్న జీవరత్నం మాస్టారు మెల్లగా లేచారు. “నా పాత కారు కూడా ఎత్తు ఎక్కేటప్పుడు అలాగే టకటకమంటోందండీ. ఎల్లుండి మా ఆవిణ్ణి అందులోనే పుట్టింటికి తీసుకెళ్లాలి. మళ్లీ దార్లో ఆగితే ఇక నాతో మాట్లాడదు. కాస్త చూసిపెడతారా?”

కాశీరావు లేచి, కొట్టు ముందు ఆపిన మాస్టారి కారు బానెట్ ఎత్తాడు. స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. “ఎవరూ మాట్లాడకండి! అదిగో... టక్... టక్... మూడో సిలిండర్! విమానం పెట్రోలు పడాల్సిందే.”

మాస్టారు మొహమాటంగా జేబులోంచి తాళంచెవి తీశారు. “ఇంజన్ ఇంకా స్టార్ట్ చెయ్యలేదండీ.”

అందరూ బానెట్ మీదకి వంగారు. టక్, టక్ మాత్రం ఆగలేదు.

కొట్టు లోపల్నుంచి రావమ్మ గొంతు వినిపించింది. “అల్లం దంచుతున్నాను బాబాయ్. ఆపమంటావా?”