చెయ్యి ఆడితేనే

గోపాలపూర్ నుంచి చేపలమ్ముకోడానికి వచ్చినావిడ బడా బజార్‌లోని గడియారాల కొట్టు గుమ్మంలో ఖాళీ గంప దించింది. కొంగు ముడి విప్పి, సముద్రంలో దిగేవాళ్ళు కట్టుకునే బరువైన గడియారం ఒకటి బల్ల మీద పెట్టింది.

“మా ఆయనది బాబూ. పడవ మీద ఎన్నేళ్ళు ఉప్పునీళ్ళల్లో నానినా ఆగనేదు. మంచం పట్టినాక ఆగిపోనాది. ఏటయ్యిందో సూడు.”

కొట్టువాడు దాన్ని చేతిలోకి తీసుకుని ఊపి చూశాడు. “దీనికేటీ అవనేదు మావుసీ. ఇందులో బ్యాటరీ ఉండదు. చెయ్యి ఆడితేనే నడుస్తాది. ఏ చేతికి కడతన్నాడు?”

“ఎడం చేతికి.”

“ఆ చెయ్యి బాగుందా?”

“పడిపోనాది. పక్షవాతం.”

“అయితే నాకిచ్చెయ్. కంపెనీ ఈటిని సెయ్యడం మానేసింది. మోజుపడి కొనుక్కుని అద్దాల పెట్టెలో దాసుకునేవోళ్ళున్నారు. ఆయనకి బ్యాటరీది ఇస్తాను, మంచం మీదున్నా నడుస్తాది.”

ఆమె గడియారం లాక్కుని తన చేతికే కట్టుకుంది. వదులైతే మోచేతి దాకా తోసుకుంది.

“కంపెనీ మానేస్తే మానేసింది, నాను మాననేదు. పగలంతా సేపలు కోసే సెయ్యి ఇది. రేత్రికి ఆయన సేతికి కడతాను. తెల్లారేదాకా నడవదేటి?”

“నడుస్తాది. ఎందుకు మావుసీ ఇంత అవస్థ?”

“ఆయన ఫోన్ సేసి అడిగితే నువ్వే రిపేరు సేసినావని సెప్పు. ఆ సెయ్యి పడిపోనాదని ఊరంతా అంటంది. గడియారం కూడా సాచ్చికం సెప్పక్కర్నేదు.”