రవ్వంత ఇనుము లేని ఇంజన్

మబ్బు పట్టింది. దంతాలపల్లి చౌరస్తాలో యాకమ్మ చాయ్ బండి దగ్గర కూర్చున్న మిర్చి వ్యాపారి రాజమౌళి సేటు మాటిమాటికీ ఆకాశం చూస్తున్నాడు. ఆయన కొన్న మిర్చి తెల్లారేసరికి నాగపూర్ తొవ్వ పట్టాలి. నడిదారిలో లారీ ఆగి వాన కొడితే సరుకంతా బూజు పడుతుంది. కిరాయికి వస్తానన్నవాడు లారీ డ్రైవర్ పోశాలు. అతని ఇంజన్‌లో టకటకమని చప్పుడొస్తోందని తోటి లారీవాడు మధు అప్పుడే నోరు జారాడు. నిజమేనా అని సేటు అడిగాడు. పోశాలు చాయ్ గ్లాసు పక్కన పెట్టి మీసం దువ్వాడు.

"గట్ల అడుగుతవేంది సేటూ? జర ఇను. మనిషికి పానం బాగలేకుంటె దవాఖానల నెత్తురు తీసి చూస్తరా లేదా? ఇంజన్‌కు నూనె గట్లనే. లోపల ఏది అరిగినా దాని పొడి నూనెలనే కలుస్తది. ఇనుము కనబడితె సిలిండర్ అరిగినట్టు, రాగి కనబడితె బేరింగ్ పోయినట్టు, మన్ను కనబడితె ఎయిర్ ఫిల్టర్ చినిగినట్టు. గందుకే మొన్న ఒక సీసల నూనె పోసి హైదరాబాద్ ల్యాబుకు పంపిన. ఏమొచ్చిందో ఎర్కేనా? రవ్వంత ఇనుము లేదు, రాగి లేదు, మసి సుత లేదు."

"దేశమంత తిరిగిన బండికి మసి లేదా?" అన్నాడు మధు.

"లేదంటె లేదు. ల్యాబుల ప్రియదర్శిని మేడమని పెద్దామె ఉన్నది. సీస ఏమన్న మారిందా అన్నా అని ఆమెనే ఫోన్ చేసి అడిగింది. సీస మారలేదమ్మా, నడిపెటోని చెయ్యి మంచిది అన్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ల మిషన్ నా నూనె రుచి చూసినంక వేరేటోల్ల నూనె ముట్టనంటున్నదట. పాపం, ఉపాసముంటున్నదట."

బజ్జీలు తిప్పుతున్న యాకమ్మ ఒకసారి తలెత్తి అతన్ని చూసి, మళ్లీ మూకుడులోకి చూసింది.

"మిగిలిన చుక్క చిట్యాలల మా బామ్మర్ది ట్రాక్టర్ల ఏసిన. అది ఏండ్ల సంది తుమ్మకంపల పడున్నది, సీటు మీద కోడి పొదుగుతున్నది. తాళంచెవి సుత లేదు. చుక్క పడుడే ఆలస్యం, దానంతట అదే షురువైంది. మావోడు చెప్పులేసుకొని పొలంకాడికి ఉరికేసరికి చెలకంత దున్ని, గట్టు మీద నిలబడి చెమట తుడుచుకుంటున్నది."

"మరి కోడి?" అని సేటు అడిగాడు.

"స్టీరింగ్ ఎవరు పట్టిండ్రనుకున్నవ్?"

బండి దగ్గరున్న వాళ్లంతా పకపకా నవ్వారు. సేటు మబ్బు సంగతే మరిచిపోయాడు. నవ్వులు చూసి పోశాలు ఇంకా పైకెక్కాడు.

"ఇగ నా లారీ ముచ్చట. భూపాలపల్లిల బొగ్గు ఎత్తినంక, కండ్లు మండుతున్నయని పక్క సీట్ల ఒరిగిన. లేచి చూస్తె రఘునాథపల్లి. బండి తనంతట తనే వచ్చింది, నడుమ అంబులెన్సుకు తొవ్వ సుత ఇచ్చిందట. దాని పొగ గొట్టం కాడ మా ఇంటిది తెల్ల అంగీలు ఆరేస్తది, ఉతికిన దానికంటె తెల్లగైతయి. మానుకోట నుంచి దమ్ము రోగులు ఆటోలు కట్టుకొని వచ్చి, వరుసల నిలబడి ఆ పొగ పీల్చి, నడుసుకుంట ఇంటికి పోతున్నరు."

సేటు కళ్లు తుడుచుకుంటూ, ఇంత మంచి ఇంజన్ ఉండగా ఇంక భయమెందుకని, బస్తాలు ఎత్తమని చెప్పడానికి ఫోన్ తీశాడు. యాకమ్మ జాలిగంటె కింద పెట్టింది.

"జర ఆగు సేటూ. పోశాలూ, ఆ సీస నేనే ఇచ్చిన గదా. ఇంజన్‌ల నుంచి తీసిన నూనె నల్లగున్నది, గిది పంపితె ఇజ్జత్ పోతదని పారబోసినవ్. గీ బల్ల మీదనే కొత్త నూనె డబ్బ కోసి సీస నింపినవ్. సుట్టాలొస్తుంటె వాకిలి ఊడ్చినట్టు, సీస మూత సుత తుడిచినవ్."

పోశాలు మీసం మీది నుంచి చెయ్యి తీశాడు.

"కొత్తదైనా అది నా బండి కోసం తెచ్చిందే గదక్కా" అన్నాడు పోశాలు, మెల్లగా.

"అయితె నా మిర్చి ఆ డబ్బ మీదనే ఎక్కియ్యాలె" అన్నాడు సేటు. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది పోశాలే. ఈ లోడు మధు బండికని, ఇంజన్ నూనె నిజంగా చూపించి చప్పుడు బాగు చేయించాక వచ్చే లోడు పోశాలుకని సేటు తేల్చేశాడు. ఆ కోడి ఖాళీగా ఉంటే తనకు డ్రైవర్‌గా పంపమని మధు అన్నాడు.

పోశాలు తల గోక్కుంటూ ఇంకో సీస అడిగాడు. యాకమ్మ ఒకటి కడిగి, లోపల తడి లేకుండా ఆరబెట్టి, అతని చేతిలో పెట్టింది.

"నల్లగుంటె ఉండనియ్యి తమ్మీ. దవాఖానకు పోయి పక్కింటోని నెత్తురు ఇస్తమా?"