చేప తిన్న చిన్నాన్న

నా పేరు సొలొమె నాక్యేజ్వే. వయసు అరవై ఎనిమిది. మసాకా పట్టణంలో ఉంటాను. ప్రధానోపాధ్యాయినిగా చేసి విరమించాను. దిక్కులేని పిల్లలను, వాళ్ల వాళ్లు దొరికేదాకా, ఒక సంస్థ తరఫున నా ఇంట్లో సాకుతుంటాను. అందరూ నన్ను జాజా అంటారు, అవ్వ అని. మీ లాకప్పులో ఉన్న రోబినా కెమిగిసా కోసం ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. ఆమె ఆ సంస్థ ఉద్యోగి. మాలాంటి పెంపుడు తల్లుల మంచిచెడ్డలు చూసేది. లంచం తిని పిల్లను అమ్మిందని ఆమె మీద కేసు.

పిల్ల పేరు నాముబిరు. మూడేళ్లది. తండ్రిది మాంబా చేప వంశమని మాత్రం చెప్పి తల్లి ఆస్పత్రిలో కన్నుమూసింది. మాలో ఏ జీవి పేరున వంశం ఉంటే ఆ జీవిని ఆ వంశం వాళ్లు నోట పెట్టరు. ఆకలితో చస్తారు గాని పెట్టరు.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం రోబినా ఒక మనిషిని తీసుకొచ్చింది. పేరు కలాంజి అన్నాడు. పిల్లకు సొంత చిన్నాన్ననన్నాడు. భోజనానికి కూర్చోబెట్టాను. మటోకే అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు, పొగబెట్టిన మాంబా చేప వడ్డించాను. పిల్లకు చేప పెట్టలేదు.

"చేప భలే కుదిరింది జాజా! ఇంకో ముక్క వెయ్యండి."

"తిను నాయనా. సొంతవాళ్లను ఇంత ఇష్టంగా తినేవాణ్ణి ఇదే చూడటం."

నమలడం ఆపాడు. "నేను మారుమనసు పొందినవాణ్ణి. ఆ పాత పట్టింపులు నాకు లేవు" అన్నాడు.

మా వీధిలో మారుమనసు పొందినవాళ్లు ప్రార్థన చేసి మరీ ఆ చేపను పక్కకు నెడతారు.

రోబినా టోరో ప్రాంతపు మనిషి, మా వంశాల సంగతి ఆమెకు అంతగా తెలియదు. పక్కకు పిలిచి చెప్పాను. సంస్థ డైరెక్టరు తుముసీమేకు ఫోను చేసి, నాకూ వినిపించేలా పెట్టింది.

"నిన్ను పంపింది పిల్లను అప్పగించడానికా, ముసలావిడ వంటకు మార్కులెయ్యడానికా?"

"ఒక్క వారం ఆగుదాం సార్. వాళ్ల ఊరెళ్లి అడిగొస్తాను."

"సోమవారం దాతలొస్తున్నారు. పిల్ల సొంతవాళ్ల దగ్గర కనబడాలి."

రోబినా ఫోను పెట్టేసి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. గంటలో ఆయనే కారులో వచ్చాడు. ఆమెను దాటుకుని లోపలికొచ్చాడు. నేను పిల్ల చెయ్యి వదల్లేదు. నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పినవాడు తుముసీమే. రోబినా కాదు.

"పెంచమన్నాం గాని కనమన్లేదుగా జాజా" అన్నాడు. పిల్లను ఆ మనిషి చేతిలో పెట్టింది కూడా ఆయనే. రోబినా కాదు.

ఏప్రిల్‌లో రోబినా సొంత ఖర్చుతో అతను చెప్పిన ఊరెళ్లింది. అక్కడ అలాంటి మనిషే లేడు. మీకు ఫిర్యాదు ఇచ్చింది ఆమే. మీరు లోపల వేసిందీ ఆమెనే.

ఆ వారమే సంస్థ పెంపుడు తల్లులందరినీ పిలిచి, వెళ్లిపోయే పిల్లల మీద మమకారం ఎలా తగ్గించుకోవాలో శిక్షణ ఇచ్చింది. టీ, చపాతీ పెట్టారు. చపాతీ బాగుంది.

మీరు పిల్ల ఫొటో అడిగారు. పెంపకానికి వచ్చిన పిల్లలకు ఫొటో తీయకూడదని సంస్థ నియమం. నేను నియమం తప్పలేదు. గుర్తులు రాసుకోండి. కుడి చెవి వెనక కాలిన మచ్చ. "జాజా" అనడం రాదు, "దాదా" అంటుంది. ఆ రోజు పసుపుపచ్చ గౌను వేసుకుంది. అప్పుడు మోకాళ్ల కిందికి ఉండేది. ఇది ఆగస్టు. ఇప్పుడు మోకాళ్ల పైకి వచ్చేసి ఉంటుంది.

ఇందులో ఉన్నదంతా నేను కళ్లారా చూసింది, చెవులారా విన్నది. రాసింది నాకు చదివి వినిపించారు. మీ కానిస్టేబులు రాతలో మూడు తప్పులు దిద్దాను. నా మాట ఒక్కటీ మార్చలేదు. వేలిముద్ర అక్కర్లేదు.

(సంతకం) సొలొమె నాక్యేజ్వే