లేని అత్తిచెట్టుకు ఎడమ పక్క

గంగాధర నోరు తెరిచాడంటే ఎదుటివాళ్ళ చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. మామూలు రోజుల్లో తిరుపాలమ్మ దానికి విసుక్కునేది. ఆ పొద్దున మాత్రం ఫ్లాస్కులోంచి నాలుగు గ్లాసులు పోసి, ఈ మనిషి ఏదో ఒకటి మొదలుపెడితే బాగుండునని చూస్తూ కూర్చుంది.

కువైట్ శివారు సబా అల్ సలేంలో ఆ సందులోని పెద్దిళ్ళు చాలావరకు ఖాళీ. ఆగస్టులో ఇరాక్ ట్యాంకులు వచ్చాక యజమానులు దొరికిన కార్లో దొరికినంత సామాను వేసుకుని సౌదీ దారి పట్టారు. వంటవాళ్ళు, డ్రైవర్లు, వాళ్ళ పిల్లల్ని చంకనేసుకుని పెంచిన ఆడవాళ్ళు తాళంచెవులతో మిగిలారు. ఇల్లు జాగ్రత్త అని చెప్పిపోయారు గానీ మీరు జాగ్రత్త అని ఎవరూ అనలేదు. దేశాన్ని మింగడానికి వచ్చినవాడికీ, దాన్ని వదిలి పరుగెత్తినవాడికీ మధ్య గిన్నెలు తోమినవాళ్ళు నిలబడిపోయారు. రేపు ఈ యుద్ధం చరిత్ర ఎవరు రాసినా అందులో రాజుల పేర్లుంటాయి, చమురు ధరలుంటాయి. వీళ్ళ పేర్లుండవు.

ఇవాళ వాళ్ళకు ఒక బస్సు ఉంది. అబ్బాసియా పేటలో ఉండే మనవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి కుదిర్చిన బస్సు. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కణ్ణుంచి జోర్డాన్‌లోని అమ్మాన్. అమ్మాన్ చేరితే బొంబాయికి విమానం. దారిలో ఈ సందుకు వచ్చి నలుగురిని ఎక్కించుకుంటామన్నారు, తెల్లారేసరికి గేటు ముందు ఉండమన్నారు. ఎండ గోడ దిగి కాళ్ళ దాకా వచ్చింది. బస్సు రాలేదు. ఇది తప్పిపోతే ఇంకోటి ఎప్పుడు దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో చెప్పే దిక్కు లేదు.

తిరుపాలమ్మ దిగులు తన గురించి కాదు. పక్కింట్లో పనికి ఈ వేసవిలోనే వచ్చిన రమణి ఆమె చిన్నాన్న కూతురి కూతురు. నేనున్నాగా అని చెప్పి కడప పక్క పల్లె నుంచి ఆమే పిలిపించింది. ఇప్పుడు ఆ పిల్ల సంచి కావలించుకుని గేటుకు ఆనుకుని కూర్చుంది. పెద్దరోడ్డు మీద సైన్యం లారీ చప్పుడైతే చాలు, లోపలికి పరుగెత్తి స్నానాలగదిలో గడియ పెట్టుకుంటోంది. పొద్దుటినుంచి రెండుసార్లు బతిమాలి బయటికి తేవాల్సి వచ్చింది. మూడోసారి తలుపు తీస్తుందన్న నమ్మకం తిరుపాలమ్మకు లేదు. ఆ సమయానికే బస్సు వస్తే?

ఎదురింటి వంటవాడు ఖాసిం వలి, రాయచోటి మనిషి, గడ్డం నెరిసినవాడు, టీ ఊదుకుంటూ, ఇంక బతుకులో సైన్యం ఉండే దేశంలో కాలుపెట్టనని ఒట్టేసుకున్నాడు. సైన్యం లేని దేశం యాడుందని తిరుపాలమ్మ అడిగింది.

"ఉండాది. నేను ఉండొచ్చినా," అన్నాడు గంగాధర.

తిరుపాలమ్మ పనిచేసే ఇంటి డ్రైవరే. నూనె పెట్టి దువ్విన జుట్టు, యజమాని వాడి పడేసిన నల్ల కళ్ళద్దాలు. ఇన్నేళ్ళలో అతను కువైట్ నుంచి రాయచోటికీ, రాయచోటి నుంచి కువైట్‌కూ తప్ప ఎక్కడికీ పోలేదని తిరుపాలమ్మకు తెలుసు. యజమాని తమ్ముడు ఒకాయన, సైన్యం లేని కోస్తారికా అనే దేశంలో కాఫీ తోట కొని కాపురం పెడతానని పోయిన ఏడాదంతా కారు వెనక సీట్లో కూర్చుని స్నేహితులతో అదే పాట పాడాడు. పరాయి దేశంలో స్థిరపడేవాళ్ళు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, వానలెప్పుడు, ఇళ్ళెక్కడ అని. వెనక సీట్లో అన్న మాటలన్నీ ముందు సీటు చెవుల్లో పడ్డాయి. అర్థమైనంత అర్థమైంది, మిగతాది గంగాధర తనే పూడ్చుకున్నాడు. ఆ సంగతి ఇప్పుడు బయటపెట్టే మనిషి కాదు ఆమె. రమణి తల ఎత్తింది మరి.

మొదట చాలా వినయంగానే చెప్పాడు. పెద్దాయన తమ్ముడితో పదినాళ్ళు పోయాడట, వానలో కారు నడిపాడట, అంతే. ఎవరైనా చేసేదే. ఆ దేశానికి కాపురం పొయ్యేవాళ్ళు ఎండాకాలంలో ఇల్లు చూసి మురిసిపోకూడదు, వానాకాలంలో ఒక నెల అద్దెకుండి చూసుకోవాలి, ఇది రాసిపెట్టుకోమన్నాడు. అక్కడి వాన మన వాన కాదు. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుందామని బయట చాపితే కడిగేసి, తుడిచి, ఉంగరం కూడా లాక్కుని పోతుందట. ఒకనాడు రోడ్డు కనిపించక అద్దం తుడిచే పుల్లలు రెండూ పీకి, కిటికీల్లోంచి తెడ్లలాగా వేసి కారును ఇంటి దాకా నడిపించాడట.

"ఇంజను ఆఫ్ చేసినావా?" అని ఖాసిం వలి అడిగాడు.

"చేసినా. పెట్రోలు మిగిల్తే పెద్దాయన తమ్ముడు మెచ్చుకున్యాడు."

భాష రాదని భయపడొద్దన్నాడు. పూరా విదా అని ఒక్క మాట నేర్చుకుంటే ఏడాది నెట్టుకురావచ్చు. పలకరింపు అదే, సెలవు తీసుకోవడం అదే, కూర బాగుందన్నా అదే, కాలు తొక్కినప్పుడు క్షమించమన్నా అదే. ఇక్కడి అరబ్బుల యల్లా మాదిరేనా అని ఖాసిం వలి అంటే, యల్లా మనిషిని తరుముతుంది, ఇది కూర్చోబెడుతుంది అన్నాడు. తర్వాత కాగితాల సంగతికి వచ్చాడు. ప్రతిదానికీ నకళ్ళు తీసి పెట్టుకోవాలి, ఆఫీసులో కోపం తెచ్చుకోకూడదు, పాస్‌పోర్టు మాత్రం ఎవరికీ ఇవ్వాల్సిన పని లేదు, అది నీ దగ్గరే ఉంటుంది.

రమణి ఆ పొద్దున మొదటిసారి మాట్లాడింది. "మన దగ్గరేనా? పనిలో పెట్టుకున్న కఫీల్ తీసుకోడా మామా?"

"తీసుకోడు పాపా."

ఆ పిల్ల నమ్మలేదు. కారును తెడ్లతో తోశాడంటే నమ్మింది. గంగాధర ఆ పూట చెప్పినవాటిలో ఆమెకు నమ్మబుద్ధి కానిది ఆ ఒక్క నిజమే. మనిషి పేరున్న పుస్తకం మనిషి దగ్గర ఉండడం కట్టుకథలా వినిపించేటట్టు చేసిన ఏర్పాటును ఏమని తిట్టాలో తిరుపాలమ్మకు తెలియలేదు. మెడలో వేలాడదీసుకున్న కాగితాల సంచిని మాత్రం ఒకసారి తడుముకుంది.

వెనక సందులో ఎక్కడో హారన్ మోగింది. లారీది కాదు, సన్నగా సాగిన హారన్. తిరుపాలమ్మ చెవి అటు వేసింది. గంగాధర వినిపించుకునే స్థితిలో లేడు.

అతను అప్పటికి ఇంటి అడ్రసు దగ్గరకు వచ్చాడు. కోస్తారికాలో ఇళ్ళకు నంబర్లుండవు, వీధులకు బోర్డులుండవు. ఫలానా దుకాణం నుంచి ఇంత దూరం, ఫలానా చెట్టు నుంచి ఇటు పక్క, అదీ అడ్రసు. అతనికి దొరికిన గది అడ్రసు, అత్తిచెట్టు దగ్గర్నుంచి కొంచెం దక్షిణంగా పోయి ఎడమ పక్క పచ్చ తలుపు. సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు. ఊరంతా తిరిగాడు. అత్తిచెట్టు లేదు. ఒక ముసలామెను అడిగితే, చెట్టును ఎప్పుడో కొట్టేశారు నాయనా, అయినా మేం దాన్నుంచే లెక్క పెట్టుకుంటాం అందట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెట్టు యాడ లేదో ఊళ్ళో అందరికీ తెలుసు, నాకు తప్ప. అట్లని ఊరుకుంటానా? నిలబడి బాగా చూసినా. ఒకచోట మాత్రం ఎండ తగల్లా. సల్లగా ఉండాది. ఇదేలే అని ఆ నీడలోనే తువ్వాల పరుచుకోని కునుకు తీసినా."

"లేని చెట్టు నీడలోనా?" అంది రమణి.

"లేనిదే పాపా. కొట్టేసినోళ్ళు చెట్టు కొట్టినారు గానీ నీడను ఎత్తుకపోవడం మరిచిపోయినారు. లేచి చూస్తే గుండె మింద రెండు పండ్లు రాలిండాయి."

తియ్యగా ఉన్నాయా అని ఖాసిం వలి చాలా మర్యాదగా అడిగాడు. కొంచెం వగరు అన్నాడు గంగాధర.

రమణి సంచి మీంచి చేతులు తీసింది. టీ గ్లాసు అందుకుంది. అది చూశాక గంగాధర ఇంక ఆగలేదు. అగ్గికొండ నోట్లో చట్టి దించి రాగిసంగటి కెలికాడు. ఆ వాసనకు కొండ ఆకలేసి మూడు రోజులు మూలిగింది. పొద్దున్నే చిక్కుడుగింజల అన్నం తినే ఆ జనానికి ఊరుబిండి పచ్చడి రుచి చూపిస్తే, ఊళ్ళో వాన ఆగి, కళ్ళనీళ్ళతోనే కాఫీ తోటలు తడిశాయి. పెద్దరోడ్డు మీద లారీ ఒకటి పోయింది. రమణి భుజాలు బిగుసుకున్నాయి. గంగాధర గొంతు పెంచాడు, ఆ చప్పుడు తన కథలోదే అన్నట్టు.

"అదో, అట్లాంటి లారీల్లోనే వచ్చినారు. పక్క దేశమోడు. సైన్యం లేని దేశం, ఊరికే దొరుకుతాదని ట్యాంకులు తోలుకోని వచ్చినాడు. సరిహద్దు కాడ ఎవురుండారు? నేనొక్కన్నే కారు కడుగుతాండా. జనరల్ దిగి వచ్చి, రాజధానికి దారేదిరా అన్యాడు. పరాయి దేశంలో దారి అడిగినోన్ని కసురుకోకూడదు, ఇది కూడా గుర్తుపెట్టుకోండి. మర్యాదగా చెప్పినా. నేరుగా పోండి సార్, ముసలామె కాఫీ అంగడి ఉండినకాడ కుడికి తిరగండి, ఎర్రకుక్క పండుకునే చోట మళ్ళీ కుడికి, లేని అత్తిచెట్టు వస్తాది, దానికి ఎడమ పక్క అని."

"పోయినారా?"

"పోయినారు. ఇంగా పోతానే ఉండారు. పెట్రోలు అయిపోయి ట్యాంకులు తోసుకుంటా తిరుగుతాండారు. జనరల్ గడ్డం మోకాళ్ళ దాకా దిగింది. ఎర్రకుక్క వాళ్ళను చూసి చూసి మొరగడం మానేసింది. బడికి పొయ్యే పిల్లోళ్ళు వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, పూరా విదా అని పోతాండారు. నాకు బొమ్మ నిలబెడతామన్యారు. నేనే వద్దన్యా."

"యాడ పెడతామన్యారు?" అన్నాడు ఖాసిం వలి.

"అత్తిచెట్టు కింద."

రమణి నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి నవ్వింది. ఆ నవ్వు వెనకాల మళ్ళీ హారన్ మోగింది. ఈసారి కుడిపక్కనుంచి, రెండు సందుల అవతల. కొంచెం సేపటికి ఎడమ పక్కనుంచి, ఇంకా దూరంగా. వెతుక్కునే హారన్ అది. వెతికి వెతికి విసిగినట్టుంది.

తిరుపాలమ్మ గ్లాసు కింద పెట్టింది. పోయిన నెలలో చీపురు కోసం గంగాధర గదిలోకి వెళ్ళినప్పుడు మంచం కింద దుప్పటి కప్పి ఉన్న రేకులు ఆమె చూసింది. వీధి బోర్డులు. ఇళ్ళ నంబర్లు. అప్పట్లో సైనికులు పేర్లు పట్టుకుని ఇళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఎవరింటికి దారి దొరికితే ఆ ఇంట్లో ఒక కొడుకు కనిపించకుండా పోయేవాడు. అందుకని మనుషులు దారుల్నే దాచేశారు. ఈ సందులో ఆ పని ఎవరు చేశారో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఊరంతా కునుకు తీసే మండుటెండలో, కారు బాగుచేసే పానాతో, పట్టుబడితే గోడకు నిలబెట్టి కాల్చేసే పని అది. ఇన్ని కోతలు కోసే మనిషి దాని గురించి ఒక్క ముక్క అనలేదు. ఆమె కూడా చీపురు తీసుకుని వచ్చేసింది.

"అబ్బీ," అంది ఇప్పుడు. "ఆ సైన్యం సంగతి నాకు తెల్దు. మన బస్సు మాత్రం ఆ మాదిరే తిరుగుతాండాది. బోర్డులన్నీ నీ మంచం కిందుంటే, ఆ డ్రైవరు ఏ అత్తిచెట్టును అడగల్ల?"

గంగాధర నల్ల కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. ఖాసిం వలి టీ గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. సందంతా నువ్వేనా అని అడిగాడు. పక్క సందు కూడా అన్నాడు గంగాధర, నేల చూస్తూ, దొంగతనం ఒప్పుకున్నట్టు. వెంటనే లేచాడు. తెచ్చి బిగించేస్తాను, పానా గదిలోనే ఉంది అంటూ లోపలికి పరుగుతీయబోయాడు.

తిరుపాలమ్మ చెయ్యి పట్టి ఆపింది. "బోర్డు బిగిస్తే మన బస్సు పోయినాక లారీ వస్తాది. ఉండేటోళ్ళు ఇంగా ఉండారు ఈడ. అవి ఆడనే ఉండనీ. నువ్వు పీకినకాడ నువ్వే నిలబడు, పో."

అతను వెళ్ళాడు. సందు మొగలో రెండు బోల్టు రంధ్రాలు మిగిలిన ఇనుప స్తంభం పక్కన, నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, ఒక చెయ్యి సందు వైపు చాచి నిలబడ్డాడు. పెద్దరోడ్డు మీద సైన్యం లారీ ఒకటి వచ్చింది. అతను చెయ్యి దించలేదు. లారీలోవాళ్ళు ఎండకు పిచ్చెక్కిన మనిషిని చూసినట్టు చూసి పోయారు. గేటు దగ్గర రమణి లేచి నిలబడింది గానీ లోపలికి పరుగెత్తలేదు. తిరుపాలమ్మ కొంగు పట్టుకుని ఆ చాచిన చెయ్యినే చూస్తోంది.

బస్సు మలుపు తిరిగింది.

ముందు సీట్లోంచి దిగిన అబ్బాసియా మనిషి కేకలేశాడు. ఎన్నిసార్లు తిరిగామో తెలుసా, ఇంకొక్క చుట్టు చూసి వెళ్ళిపోయేవాళ్ళం, ఇదసలు ఏ సందు అని అడిగాడు. ఎవరూ పలకకముందే రమణి సంచి పైకి అందిస్తూ, లేని బోర్డుకు ఎడమ పక్క అంది. అతనికి అర్థం కాలేదు. ఖాసిం వలి గడ్డంలో నవ్వుకుంటూ ఎక్కాడు.

గంగాధర అందరికంటే వెనక ఎక్కి, చివరి సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎండలో చాచిన చెయ్యి ఎర్రగా కమిలింది. బస్సు ఊరు దాటింది, ఇసుక మొదలైంది. అతను మాట్లాడలేదు. తిరుపాలమ్మకు ఆ మౌనం లారీ చప్పుడు కంటే బరువుగా అనిపించింది. ఫ్లాస్కులో మిగిలింది గ్లాసులో పోసి అతని చేతిలో పెట్టింది.

"చెప్పు అబ్బీ. దారి చానా ఉండాది."

అతను గ్లాసు వైపు చూశాడు, రమణి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "కోస్తారికాలో కూడా నేను ఇట్లనే, ఒక సందు మొగలో, మూడు నెలలు బోర్డు మాదిరి నిలబడినా."

"మూడు నెలలే?" అంది రమణి. "నెత్తిన పిట్ట గూడు పెట్టలేదా మామా?"

బస్సులో వెనక సీట్లన్నీ నవ్వాయి. గంగాధర నవ్వలేదు. చల్లారిన టీ ఒక గుటక వేసి, చాలా గంభీరంగా అన్నాడు.

"పెట్టింది. గుడ్లు పొదిగి పిల్లలు ఎగిరిపొయ్యేదాకా కదిలేదానికి ల్యా. లేకుంటే నెలకే దిగొచ్చుందును."