గుమాస్తా కుర్చీ

మదనపల్లెలో ఉద్యోగాలకు పేర్లు రాసుకునే ఆఫీసది. ఎనభై మూడో సంవత్సరం. అంధుల బడిలో పది పాసై, అక్కడే వైరు కుర్చీలల్లడం నేర్చుకున్న సఫియా, పుంగనూరు బస్సు దిగి నాలుగోసారి గుమాస్తా ముందు నిలబడింది.

"యాల మళ్లా వచ్చినావమ్మా? కండ్లు లేనోళ్లకు ఈడ ఏం పనుండాది?"

"మీ కింద కిర్రుమంటాండాది సార్, వైరు కుర్చీ. అట్లాంటివి అల్లేది మేమే గదా."

"మీరా?"

"ఏటేటా మీ ఆఫీసు కుర్చీలన్నీ మా బడికే పంపిస్తాండారు. కూలి మాట లేకుండా."

"అది పని కాదమ్మా, ట్రైనింగు."

"ఆరేండ్లు ట్రైనింగే చేస్తిని సార్. అదెప్పుడు పనవుతాది?"

"మాకు కుర్చీలల్లే పోస్టు లేదు. ఈసారీ అవి బడికే పోతాయి. సరే, ఎట్లాగూ వచ్చినావు గదా, దీని అల్లిక సడలిండాది. రోంత బిగించిపోమ్మా."

"దానికేం సార్, లెయ్యండి."

గుమాస్తా సంబరంగా లేచాడు. సఫియా కుర్చీని తిరగేసి తడిమింది. అడుగున తన చేతి ముడే తగిలింది. దాన్ని విప్పి లాగింది. వరసలన్నీ ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. వైరంతా ఉండచుట్టి బల్ల మీద పెట్టి, చేతికర్ర అందుకుంది.

"ఇదేందమ్మా, ఉత్త చట్రం మిగిలిండాది! అల్లకుండానే పోతాండావే?"

"విప్పింది ట్రైనింగు సార్. అల్లేది ఉద్యోగం."